ఎల్లలు మారిన విద్యాపీఠములు

మా ఇంటి పాత ట్రంకుపెట్టెలో నాలుగు తరముల వారి పరీక్షాపత్రములు భద్రముగా నున్నవి. మా ముత్తాతగారు 1904లో ఎఫ్.ఏ. పరీక్షయందు కృతార్థులైనట్లు తెలుపు కాగితముపై మద్రాసు విశ్వవిద్యాలయము వారి ముద్ర యున్నది. తాతగారి ఇంటర్మీడియేటు పత్రము ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారిది. నాయనగారి బి.ఏ. పట్టా ఉత్కళ విశ్వవిద్యాలయము వారిది. 1980లో నాకు లభించిన పట్టాపై బరంపురము విశ్వవిద్యాలయము పేరున్నది. నలుగురము చదివినది ఒకే కళాశాల, ఖల్లికోట కళాశాల. చదువు నిమిత్తము మాలో ఎవరును బరంపురము విడిచి పోలేదు. కాగితములపై ముద్రలు మాత్రము నాలుగు విధములుగా మారినవి.

పొరుగూరి బంధువులు మమ్ము చూచి, "మీరు ఒరిస్సాకు ఎప్పుడు వచ్చితిరి?" అని యడుగుట కలదు. "మేము రాలేదండీ, 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సాయే మా కడకు వచ్చినది" అని మా తాతగారు చెప్పెడివారు. ఇట్టి సమాధానమే బళ్ళారి వారు 1953ను గూర్చియు, నాందేడు తాలూకాల వారు 1956ను గూర్చియు, తిరుత్తణి వారు 1960ని గూర్చియు చెప్పవచ్చును. అందువలననే ప్రవాసాంధ్రులను మాట మన పట్ల వాడుట నాకంతగా రుచింపదు. ప్రవాసము చేసినవారును మనలో కలరు. షోలాపురపు పద్మశాలీల పెద్దలు మగ్గములతో నడచి వచ్చినవారే. కాని ఉన్నచోటనే ఉండి పరరాష్ట్రీయులైన వారి సంఖ్య తక్కువది కాదు. ఎల్ల మారిన నాడు భూమిశిస్తు కట్టు కచేరీ మారును, న్యాయస్థానము మారును. వానికి మనుష్యుడు త్వరలోనే అలవాటుపడును. పిల్లవాని చదువు ఏ విశ్వవిద్యాలయము క్రిందికి పోవును, వానికి తెలుగు చెప్పువా రెవరు, వాని పరీక్షను దిద్దువా రెవరు అను ప్రశ్నలు మాత్రము తరములవరకు వెంటవచ్చును. ఈ ప్రశ్నలకు దక్షిణదేశపు విశ్వవిద్యాలయములు ఒండొంటితో చేయి కలిపి ఎట్టి సమాధానములు చెప్పినవో, ఎక్కడ చెప్పజాలకపోయినవో, నాకు తెలిసినంతవరకు ఇందు వ్రాయుచున్నాను.

1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయము మొదట పరీక్షలు జరుపు సంస్థయే కాని పాఠములు చెప్పు సంస్థ కాదు. గంజాము మొదలు తిరునెల్వేలి వరకు గల కళాశాలలు దాని నీడన చేరినవి. ఒకే పరీక్షకు తెలుగువాడు తెలుగును, తమిళుడు తమిళమును, కన్నడిగుడు కన్నడమును రెండవ భాషగా చదివి కూర్చుండెడివారు. ఏ జిల్లా విద్యార్థి ఏ జిల్లా కళాశాలలో చేరినను తన భాషను చదువుకొను వీలు సూత్రప్రాయముగ నుండెను. ఇప్పటివలె సరిహద్దు దాటిన పత్రమునకు సమానార్హత నిరూపింపవలసిన శ్రమ అప్పుడు లేదు. 1927లో ఆ విశ్వవిద్యాలయమునందు ప్రాచ్యపరిశోధనాలయము ఏర్పడినప్పుడు సంస్కృతము, తమిళము, తెలుగు, కన్నడము, మలయాళము, ఉర్దూ మొదలైన భాషల శాఖలు ఒకే కప్పు క్రింద పనిచేయ నారంభించినవి. తెలుగుశాఖలో కోరాడ రామకృష్ణయ్యగారు ద్రావిడభాషల తారతమ్య పరిశీలనమునకు పూనుకొనుటకు ఈ ఇరుగుపొరుగు శాఖల సాన్నిధ్యము తోడ్పడినదని నా తలంపు. తమిళ పండితుని ప్రక్క గదిలో కూర్చున్న తెలుగు పండితునకు కలుగు సందేహములు వేరు, ఒంటరిగా కూర్చున్నవానికి కలుగు సందేహములు వేరు.

అంతమాత్రమున అది స్వర్ణయుగమని చెప్పుట సరి కాదు. తెలుగు జిల్లాల బాలురు ఉన్నతవిద్యకు మద్రాసు పోవలసియుండెను. సభలలో, పదవులలో తమకు తగిన పాలు లేదని ఆంధ్రులు వాపోయిరి. 1913లో బాపట్లయందు ఆంధ్రమహాసభ నెలకొన్న పిమ్మట ప్రత్యేక రాష్ట్రముతోపాటు ప్రత్యేక విశ్వవిద్యాలయము కూడ కావలెనను కోరిక బలపడెను. 1925 నాటి శాసనము ననుసరించి 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రథమ వైస్ ఛాన్సలరైరి.

స్థాపన జరిగినంతనే స్థానవివాదము మొదలయ్యెను. బెజవాడయా, రాజమహేంద్రవరమా, అనంతపురమా, వాల్తేరా అని పత్రికలు కాగితము ఖర్చు చేసినవి. మొదట బెజవాడలో నున్న కార్యాలయము 1930లో వాల్తేరునకు తరలినది. ఇది గంజాము వారికి సంతోషము కలిగించినది. రాయలసీమ వారికి దూరమైనది. దత్తమండలముల కళాశాలలు తిరిగి మద్రాసు ఒడిలోనికే చేరినవి. 1937 నవంబరు 16న మద్రాసులోని శ్రీబాగు గృహమున కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకొన్న ఒడంబడికలో విశ్వవిద్యాలయపు కేంద్ర మొకటి అనంతపురమున నుండవలెనను అంశము చేరుటకు కారణ మిదియే. నీటి పంపకముతోపాటు, శాసనసభా స్థానములతోపాటు, కళాశాలల సంగతిని కూడ రాజకీయ ఒప్పందములో వ్రాసికొనవలసి వచ్చినదనిన, ఒకే భాష మాటలాడువారి నడుమనే సహకారము ఎంత కష్టముగా నుండెనో ఊహింపవచ్చును. అనంతపురమునకు ఆ కోరిక నెరవేరుట చాల ఆలస్యమైనది. 1954లో తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 1981లో అనంతపురమునందు శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమును వచ్చినవి. 2010లో బళ్ళారియందు విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము వెలసినది. ఈ రెండు పట్టణముల నడుమ దూరము సుమారు నూరు కిలోమీటర్లు. ఒకే రాయల పేరు పెట్టుకొన్న రెండు విద్యాపీఠములు రెండు రాష్ట్రములలో నుండుట చూచి రాయలవారు నవ్వుకొందురో, నిట్టూర్తురో!

ఈ కలహముల నడుమ ఎల్లలతో నిమిత్తము లేక ఆంధ్ర విశ్వకళాపరిషత్తును నిలిపిన దాత యొకరున్నారు. ఒడిశాలోని మన తెలుగు కుటుంబముల వారు వారిని స్మరింపక దినము గడపరాదని మా తాతగారు చెప్పెడివారు. వారు జయపుర మహారాజు విక్రమదేవవర్మగారు. కొరాపుట్ సీమలోని జయపుర సంస్థానమునకు 1931లో ప్రభువులైరి. తెలుగునను ఒడియానను కవితాభినివేశము గలవారు. విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయల చొప్పున శాశ్వత వార్షికమును ఏర్పరచిరి. వాల్తేరులోని విజ్ఞానశాస్త్ర సాంకేతిక కళాశాలకు జయపుర విక్రమదేవుల పేరుండుట ఆ దానమునకు గుర్తు. ఆ రోజులలో లక్ష రూపాయలనగా ఎంతటి మొత్తమో నేటివారికి తెలియజెప్పుట సులభము కాదు; ప్రయోగశాలలు, ఆచార్యులు, గ్రంథములు దానిపై ఆధారపడినవని చెప్పిన చాలును.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. 1936లో జయపుర సంస్థానము ఒరిస్సా రాష్ట్రములో చేరెను. అప్పటినుండి దాత యొక రాష్ట్రమువాడు, గ్రహీత మరియొక రాష్ట్రముది. అంతమాత్రమున ఆ బంధము తెగలేదు. ఒడియా భాషాసాహిత్యములకును వారు అట్లే తోడ్పడిరి. 1947లో జయపురమున నెలకొన్న కళాశాలయు వారి పేరనే యున్నది. తెలుగు విద్యాపీఠమునకు ధనమిచ్చిన చేయి ఒడియా విద్యాపీఠమునకు ముడుచుకొనలేదు. దీనిని మన ఒడియా మిత్రులకు తెలుపుటయు మన పనియే యని నేను భావింతును. బరంపురములో తెలుగువాడు తన భాషకు ఒక గది కోరినప్పుడు, ఈ కథ తెలిసినవానికి ఆ కోరిక పరాయిదిగా తోచదు.

1943లో ఉత్కళ విశ్వవిద్యాలయము ఏర్పడువరకు ఉత్తరపు ఒరిస్సా కళాశాలలు పాట్నా విశ్వవిద్యాలయమునకును, దక్షిణపువి ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకును అనుబంధములై యుండెను. అనగా రాష్ట్రము ఏర్పడిన పిమ్మట ఏడేండ్ల కాలము రాష్ట్రపు ఎల్ల యొకటి, విద్యయొక్క ఎల్ల మరియొకటి. ఆకాశమేమియు విరిగి పడలేదు. పిల్లలు చదివిరి, పరీక్షలు జరిగినవి, పట్టాలు చేతికి వచ్చినవి. పాలనయొక్క సరిహద్దును విద్య వెంటనే అనుసరించి తీరవలెనను నియమము లేదనుటకు ఇది మన ఇంటి దృష్టాంతము.

ఇక మైసూరు సంగతి. కన్నడదేశమున స్థిరపడిన మన వారికి ఇది తెలిసిన కథయే యైనను, ఒకచోట కూర్చి చెప్పుట మంచిది. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము స్థాపింపబడినప్పుడు దివానుగా నున్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి వంశీయులు ఆంధ్రదేశములోని మోక్షగుండము నుండి వచ్చినవారు. ఆ విశ్వవిద్యాలయ రూపకల్పనలో పాలుగొన్న కట్టమంచి రామలింగారెడ్డిగారు చిత్తూరు జిల్లావారు. 1909 మొదలు మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులుగా, పిమ్మట సంస్థానపు విద్యాశాఖకు అధిపతిగా 1921 వరకు పనిచేసిరి. 1918 నుండి 1921 వరకు అచ్చట తత్త్వశాస్త్రము బోధించిన సర్వేపల్లి రాధాకృష్ణగారు తిరుత్తణిలో పుట్టినవారు. పిమ్మట ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు మొదటి వైస్ ఛాన్సలరు రెడ్డిగారు, రెండవవారు రాధాకృష్ణగారు. ఒక కన్నడ విశ్వవిద్యాలయము తన పనివారిని ఇద్దరిని తెలుగు విశ్వవిద్యాలయమునకు తయారుచేసి పంపినట్లు తోచును. 1930లో ప్రభుత్వపు దమనకాండకు నిరసనగా రెడ్డిగారు రాజీనామా నిచ్చిరి. 1936లో మరల వచ్చి 1949 వరకు ఆ పదవిలో నుండిరి. చివర మైసూరు విశ్వవిద్యాలయమునకు ప్రో ఛాన్సలరై 1951లో కీర్తిశేషులైరి. మైసూరున చిరకాలము నడచిన ఉద్యోగజీవితము చివరకు మైసూరుననే ముగిసినది.

రెడ్డిగారి పేరు, రాధాకృష్ణగారి పేరు అందరికిని తెలియును. నాకు అంతకంటె ప్రియమైనది రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి చరిత్ర. అనంతపురము సీమలోని రాళ్ళపల్లి వారి స్వగ్రామము. రామలింగారెడ్డిగారి ప్రోత్సాహముచే 1912లో మైసూరు మహారాజా కళాశాలయందు తెలుగు పండితులై, సుమారు నాలుగు దశాబ్దములు ఆ పనిలోనే యుండిరి. కన్నడదేశపు నడిబొడ్డున, కన్నడ ప్రభువుల ధనముతో, తెలుగు పాఠము నడచినది. 1928లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారు శర్మగారిని ఆహ్వానించి వేమనను గూర్చి అనంతపురమున ఉపన్యాసము లిప్పించిరి. అవియే "వేమన" అను గ్రంథమైనవి. ఇందలి ఏర్పాటును ఒక్కమారు చూడుడు: పండితుడు మైసూరు కళాశాల వారు, పిలిచినది తెలుగు విశ్వవిద్యాలయము, ఉపన్యాసవేదిక రాయలసీమలోని కళాశాల. దీనికి శాసనము కావలసి వచ్చినదా? సంఘములు కావలసి వచ్చినవా? రెండు విద్యాసంస్థలకు ఒక మనుష్యుని విలువ తెలిసియుండుట చాలినది. శర్మగారు సంగీతసాహిత్యములపై కన్నడమునను వ్రాసి కన్నడిగుల మన్నన పొందిరి. మైసూరు ఉద్యోగమును విరమించిన పిమ్మట తిరుపతి చేరి అన్నమాచార్యుల రాగిరేకుల కీర్తనలను పరిష్కరించిరి. మైసూరులో నలుబది యేండ్లు అలవరచుకొన్న సంగీతజ్ఞానము తాళ్ళపాకవారి పదములకు స్వరములైనది. ఈ ఋణమును ఏ పద్దులో వ్రాయవలెనో నాకు తెలియదు.

హైదరాబాదు సంస్థానమున 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము సంగతి వేరు. ఎనిమిది తెలుగు జిల్లాలు, అయిదు మరాఠీ జిల్లాలు, మూడు కన్నడ జిల్లాలు గల సంస్థానమునకు అది యొక్కటియే విశ్వవిద్యాలయము. దేశభాషలో ఉన్నతవిద్య నేర్పవలెనను ఆశయము గొప్పదే. అందుకై గ్రంథములను అనువదించు శాఖయొకటి 1917లోనే వెలసినది. కాని ఆ దేశభాష ఉర్దూ. ఇంట తెలుగో, మరాఠీయో, కన్నడమో మాటలాడు విద్యార్థి ఆ మూడింటిని ప్రక్కన బెట్టి వైద్యమును, గణితమును ఉర్దూలో చదువవలసి యుండెను. 1948 తరువాత ఆ మాధ్యమము పోయి ఇంగ్లీషు వచ్చినది. 1950లో డాక్టరు అంబేద్కరుగారి విద్యాసంస్థ ఔరంగాబాదులో నెలకొల్పిన మిళింద కళాశాలయు మొదట ఉస్మానియాకే అనుబంధము. 1956లో సంస్థానము మూడు ముక్కలైన పిమ్మట, 1958లో మరాఠ్వాడా విశ్వవిద్యాలయము వచ్చినది. నాందేడు, బిలోలి, దెగ్లూరు ప్రాంతపు తెలుగువారికి హైదరాబాదుతో నున్న చదువు సంబంధము అంతటితో సడలినది.

రాజులు, దాతలు, మహాపండితులు లేని దినములలో పని ఎట్లు జరుగును? అందుకు యంత్రాంగము కావలెను. 1924లో సిమ్లాలో జరిగిన సమావేశములో విశ్వవిద్యాలయముల ప్రతినిధులు కూడి తలపెట్టిన అంతర్విశ్వవిద్యాలయ మండలి మరునాటి సంవత్సరము బొంబాయిలో రూపుదాల్చెను. ఒకరి పట్టాలను మరియొకరు గుర్తించుట, ఆచార్యులను ఇచ్చిపుచ్చుకొనుట దాని ఉద్దేశములలోనివి. అదియే 1973 నుండి భారత విశ్వవిద్యాలయముల సంఘమను పేర నడచుచున్నది. పేరు గంభీరమైనది. కాని ఆ సంఘము నిర్ణయించిన సమానార్హతయే లేకున్న బరంపురపు పట్టా పుచ్చుకొన్న తెలుగు బిడ్డకు మద్రాసులోనో బెంగుళూరులోనో పైచదువు దొరకుట దుర్లభమయ్యెడిది.

దీనికంటె సూక్ష్మమైన సహకారము మరియొకటి కలదు. దానిని గూర్చి ఎవరును వ్రాయరు. మద్రాసు, మధురై కామరాజు, మైసూరు, బెంగుళూరు విశ్వవిద్యాలయములలో తెలుగు శాఖలు వెలసినవి. అట్టి శాఖలలో సాధారణముగా ఉపాధ్యాయులు కొలదిమందియే యుందురు. ఒకచోట ఇరువురు, మరియొకచోట ముగ్గురు. పాఠ్యగ్రంథములను నిర్ణయించు సంఘమున కూర్చుండుటకు చాలినంతమంది తెలుగువారు ఆ విశ్వవిద్యాలయమునందు దొరకరు. ఎం.ఏ. ప్రశ్నపత్రమును పాఠము చెప్పినవారే తయారుచేసి, వారే దిద్దరాదు. పరిశోధనగ్రంథమును పరీక్షించుటకు బయటివారే కావలెను. కావున తిరుపతి ఆచార్యుడు మైసూరు ప్రశ్నపత్రము కూర్చును. వాల్తేరు ఆచార్యుడు మద్రాసు సిద్ధాంతవ్యాసము చదివి మౌఖికపరీక్షకు రైలెక్కి వచ్చును. మద్రాసు వారు తిరుపతికి పోదురు. దినబత్తెము స్వల్పము, శ్రమ అధికము. మా బంధువొకరు ఇట్టి పరీక్షకులుగా ముప్పది యేండ్లు తిరిగిరి. వారి సంచిలో ఎర్ర సిరాబుడ్డి, ఆవకాయ సీసా తప్పక యుండెడివి. రాష్ట్రేతర ప్రాంతములలో తెలుగు పట్టాకు విలువ నిలిచినదనిన, ఇట్టి సంచులు మోసిన వారి పుణ్యమే. ఏ విశ్వవిద్యాలయమైనను "మా పరీక్షకు మా రాష్ట్రము వారే చాలును" అని యన్ననాడు, పొరుగు రాష్ట్రపు తెలుగుశాఖకు ఆ యేటనే తాళము పడును.

పాఠశాల యెండిన కళాశాలలో తెలుగుశాఖకు విద్యార్థు లెక్కడినుండి వత్తురనునది వేరొక చింత. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన శాసనము ఒకటవ తరగతి మొదలుకొని ఏటికొక తరగతి చొప్పున తమిళమును తప్పనిసరి చేయుచు పదవ తరగతివరకు తెచ్చినది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల విద్యార్థులు న్యాయస్థానముల నాశ్రయించి మినహాయింపులు పొందవలసి వచ్చినది. తమిళము నేర్చుకొనరాదని మనవారెవరును అనలేదు. ఉన్న తెలుగును పోగొట్టుకొని నేర్చుకొనవలెనా యనునదే వారి ప్రశ్న.

యానాము కథ చిన్నది. ఫ్రెంచివారి పాలన 1954లో తొలగిన పిమ్మట ఆ పట్టణము పుదుచ్చేరితో కలిసి యున్నది. 1973లో సర్వేపల్లి రాధాకృష్ణగారి పేర అచ్చట ప్రభుత్వ కళాశాల ఏర్పడినప్పుడు దానిని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు అనుబంధము చేసిరి. కారైకాలు మద్రాసు వైపునకు, మాహే కాలికట్ వైపునకు, యానాము వాల్తేరు వైపునకు చూచెడివి. ప్రతి ముక్కయు తన చుట్టునున్న భాషతో చదువుకొన్నదన్న మాట. 1985లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయము ఏర్పడిన పిమ్మట అన్నియు దాని క్రిందికి చేరినవి. పాలనకు ఇది సుఖము. గోదావరి ఒడ్డున నున్న విద్యార్థికి వాల్తేరు దగ్గరయా, పుదుచ్చేరి దగ్గరయా అనునది పటము చూచినవారికి చెప్పనక్కరలేదు.

ఒక్క ప్రయత్నము మాత్రము ఎల్లను అడ్డముగా గాక పునాదిగా తలచి జరిగినది. చిత్తూరు జిల్లాలోని కుప్పము ఒక వైపు కర్ణాటకమునకు, మరియొక వైపు తమిళనాడునకు తాకియుండు పట్టణము. అచ్చటి సంతలో ఒకే బేరము మూడు భాషలలో జరుగును. ఆ ఊరిలో 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనము ననుసరించి ద్రావిడ విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. తమిళనాడు, కర్ణాటక, కేరళ ప్రభుత్వముల సహకారముతో దక్షిణాది భాషలను ఒకచోట చేర్చి అధ్యయనము చేయవలెనని సంకల్పము. తిరువనంతపురమునందలి ద్రావిడ భాషాశాస్త్ర సంస్థను నడపిన వి.ఐ. సుబ్రహ్మణ్యముగారు ఈ స్థాపనలో ముందు నిలిచిరి. తెలుగు, తమిళము, కన్నడము ఒక్కొక్కదానికి అనువాదాధ్యయనముతో కూడిన శాఖ ఏర్పడినది. 1927లో మద్రాసునందు ఒకే కప్పు క్రింద నున్న శాఖలు భాషారాష్ట్రముల వలన చెదరిపోయి, డెబ్బది యేండ్లకు కుప్పమున మరల కలిసికొన్నట్లయినది.

సంకల్పము మంచిది. శాసనము మాత్రము ఒక రాష్ట్రముది. నలుగురు పొరుగువారు కలిసి బావి త్రవ్వుకొన్నను, చేద తాడు ఒక్కరి యింట నున్నచో ఆ ఇంటివారికి తీరిక కలిగినప్పుడే నీరు. ఇట్టి సంస్థకు నాలుగు శాసనసభలు కూడి వ్రాసికొన్న ఒడంబడిక, నాలుగు ఖజానాల నుండి ఏటేట తప్పక వచ్చు పాలు ఉండవలెనని నా అభిప్రాయము. జయపుర మహారాజుగారి వార్షికము మాటమీద నడచినది నిజమే. ఇప్పుడు మహారాజులు లేరు, మాటలు కలవు.

2013, 2014 సంవత్సరములు మనవంటి వారికి రెండు దెబ్బలు తగిల్చినవి. రాష్ట్ర విశ్వవిద్యాలయములు తమ రాష్ట్రపు ఎల్లలు దాటి దూరవిద్యాకేంద్రములను నడపరాదని 2013లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము వారు ప్రకటించిరి. నామమాత్రపు కేంద్రములు తెరచి పట్టాలు అమ్ముకొనువారిని అరికట్టుటకే ఈ నియమము వచ్చినది. అది అవసరమనుటలో సందేహము లేదు. కాని వలలో తిమింగిలములతోపాటు చిరుచేపలును పడినవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారు 1972లోనే ఉత్తరముల ద్వారా పాఠములు చెప్పు శాఖను తెరచియుండిరి. సరిహద్దు పట్టణములలోని గుమాస్తాలు, ఉపాధ్యాయులు, గృహిణులు ఇట్టి శాఖల వలన తెలుగు పట్టాలు సంపాదించుకొనిరి. ఆ వాకిలి మూసికొనిపోయెను. 2014లో ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రములైనప్పుడు, 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయము విభజన శాసనపు పదవ అనుసూచిలో చేరినది. 1975 నాటి ప్రపంచ తెలుగు మహాసభల ఫలముగా వెలసిన అంతర్జాతీయ తెలుగు సంస్థ దానిలోనే లీనమైయున్నది; రాష్ట్రము వెలుపలి తెలుగువారి మంచిచెడ్డలు చూచుటకే ఆ సంస్థ పుట్టినది. ఇరు రాష్ట్రములును దాని పంపకమును గూర్చి తర్కించుకొను కాలములో, రెండింటికిని వెలుపల నున్న మన మాట ఎవరి పద్దున పడవలెనో నిర్ణయించిన వారు లేరు.

మా అక్కగారి మనుమరాలు తెలుగు ఎం.ఏ. చదువవలెనని పట్టుబట్టినది. పాఠశాలలో తెలుగు ఒక భాషగా చదివినది, బి.ఏ. మా ఊరిలోనే. సరిహద్దు కావలనున్న ఒక విశ్వవిద్యాలయమునకు దూరవిద్యార్థినిగా దరఖాస్తు పెట్టినది. ఆమె బి.ఏ. పట్టా తమ పట్టాకు సమానమని నిరూపింపుమని ఒక కచేరీవారు, ఆ నిరూపణపత్రము మేమిచ్చునది కాదని మరియొక కచేరీవారు చెప్పిరి. అయిదు నెలలు గడచినవి. తాను బడిలో తెలుగు చదివినట్లు ఋజువు కావలెననిరి. మూతపడిన తెలుగు విభాగపు హాజరుపట్టీ కొరకు మేమిద్దరము ఒక గోదాములో పూటంతయు బూజు దులిపితిమి. దొరకినది. ఆమె పేరున్న పుట చెదలు తినక మిగిలియుండుట మా అదృష్టము.

2021 నుండి విద్యార్థులు ఒక విశ్వవిద్యాలయములో సంపాదించిన క్రెడిట్లను నిధివలె దాచుకొని మరియొక విశ్వవిద్యాలయమున చెల్లించుకొను ఏర్పాటు దేశమంతటను వచ్చినది. బరంపురపు విద్యార్థి ఒక తెలుగు పాఠమును వాల్తేరులోనో తిరుపతిలోనో చదివి, దానిని తన పట్టాలో కలుపుకొనుటకు ఇందు దారి కలదు. అయితే రెండు విశ్వవిద్యాలయములును అందుకు సమ్మతించి వ్రాతపూర్వకముగా ఒప్పుకొనవలెను. అడుగువారు లేక అవి ఒప్పుకొనవు. మన సంఘములు ఉగాదికి కవిసమ్మేళనము జరుపునట్లే, ఏడాదికొకమారు తమ ఊరి విశ్వవిద్యాలయపు రిజిస్ట్రారుగారి కడకు పోయి ఈ యొక్క కాగితమును గూర్చి అడిగినచో, అయ్యెడి ఖర్చు పూలదండలకంటె తక్కువ. ఎంతమంది పిల్లలు చదువగోరుచున్నారో పేర్లతో కూడిన పట్టీని వెంట తీసికొనిపోవలెను. పేర్లు లేని విన్నపమునకు కచేరీలలో జవాబు రాదు.

ఖల్లికోట కళాశాల కథ ఇంకను ముగియలేదు. 2015లో నగరములోని కొన్ని కళాశాలలను ఒక గుత్తిగా కూర్చి ఖల్లికోట పేర విశ్వవిద్యాలయము ఏర్పరచిరి. పిమ్మట దాని రూపము మారి అది ఏకాంగ విశ్వవిద్యాలయమైనది. మా ముత్తాతగారు మద్రాసు ముద్రకై చదివిన తరగతిగదులు నేడు తమ ముద్రను తామే వేసికొనుచున్నవి.

మనుమరాలికి ప్రవేశము లభించినది. పరీక్షలకు ఆమె విశాఖపట్టణమునకు రైలులో పోవుచున్నది. మొన్న ఇచ్ఛాపురము దాటగానే ఫోను చేసి, "తాతయ్యా, ఒడిశా అయిపోయింది" అనినది. మా తాతగారి మాట జ్ఞప్తికి వచ్చి నవ్వుకొంటిని. ట్రంకుపెట్టె తెరచి, పాత కాగితములకు వేపాకు మార్చి, అయిదవదానికి చోటుచేసి యుంచితిని.